డెబ్భై అయిదో కీర్తన అడిగిన మనిషి

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆసుపత్రి చాప్లిన్ ట్రైనింగులో చేరుతోందట. "అంకుల్, మీరు చాలా ఇయర్స్ చేశారు కదా, నాకేమైనా అడ్వైస్ ఇవ్వండి" అంది. కాఫీ కప్పు చేతిలో పట్టుకుని ఏదేదో నసిగాను. పనికొచ్చే మాట ఒక్కటీ నోట రాలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే చెప్పవలసిందంతా గుర్తొచ్చింది. అందుకే ఈ కాగితాలు.

చాప్లిన్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఆసుపత్రిలో రోగుల దగ్గర కూర్చునే పాస్టరు. జీతం ఆసుపత్రే ఇస్తుంది. రోగిది ఏ మతమైనా, అసలు మతమే లేకపోయినా వెళ్లాలి. ప్రసంగాలు చేయకూడదు, అడిగితే తప్ప ప్రార్థన చేయకూడదు. డాక్టర్లు చెయ్యగలిగింది అయిపోయాక తరచుగా మనల్ని పిలుస్తారు. నేను డెబ్భైల చివర్లో న్యూజెర్సీలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరి పాతికేళ్లకు పైగా ఆ పని చేశాను. ఎప్పుడు సీనియర్‌నయ్యానో, ఏ సర్టిఫికెట్ ఎప్పుడొచ్చిందో ఇక్కడ రాయను. అవన్నీ మా ఆవిడకే గుర్తుండేవి. ఆమె ఇప్పుడు లేదు.

దుప్పట్ల దగ్గర మొదలు

మా ఆవిడ నర్సు. ఆ రోజుల్లో అమెరికాకు నర్సులు కావలసి వచ్చారు. పాస్టర్లు ఎవరికీ అక్కరలేదు. ఆమె వీసా మీద నేనొచ్చాను. గుంటూరు జిల్లాలో ఆరేళ్లు పాస్టరుగా చేసినవాణ్ణి, ఇక్కడ రెండేళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ పని నాకు చాప్లిన్ పని కంటే త్వరగా పట్టుబడింది.

ట్రైనింగులో నా మొదటి రోగి ఒక రిటైరైన ట్రక్ డ్రైవర్. "నేను చచ్చిపోతానా?" అని అడిగాడు. నేను లేచి నిలబడి, చనిపోతే యేసు లేపిన లాజరు దగ్గర మొదలుపెట్టి పునరుత్థానం దాకా అరగంట చెప్పాను. మధ్యలో ఆయన టీవీ వాల్యూమ్ పెంచాడు. నేనూ గొంతు పెంచాను. చివరికి నర్సు వచ్చి ఇద్దరినీ తగ్గించమంది.

మా చీఫ్ చాప్లిన్ పేరు మార్గరెట్. ఆరడుగుల మనిషి, నవ్వితే వార్డు అవతలిదాకా వినిపించేది. ఆ ట్రక్ డ్రైవర్ సంగతి విని ఆమె నవ్వలేదు. ఇకమీదట గదిలో అడుగుపెట్టగానే కుర్చీ వెతుక్కోమంది. నిలబడితే నీకు ప్రసంగం వస్తుంది, కూర్చుంటే అతని మొహం కనిపిస్తుంది అంది. ఆ ఒక్క మాటకు ఆమెకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను.

ఆమె పద్ధతి ఇంకొకటి ఉంది. రోగితో జరిగిన మాటలన్నీ గుర్తున్నంతవరకు పొల్లుపోకుండా రాసి తేవాలి. రోగి ఏమన్నాడు, నేనేమన్నాను, మధ్యలో ఎంతసేపు మౌనం. దాన్ని వర్బాటిమ్ అనేవాళ్లం. మిగతా ట్రైనీల ముందు చదివితే వాళ్లు దాన్ని చీల్చి చెండాడేవాళ్లు. రోగి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం పెద్ద నేరం. "మీకు అలా అనిపిస్తోందా?" అని అతని మాటే అతనికి తిరిగి ఇవ్వడం మంచి చాప్లిన్ లక్షణం. ఈ పద్ధతిలో చాలా మంచి ఉంది. దాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మార్గరెట్ మా అందరికీ ప్లాస్టిక్ అతికించిన చిన్న కార్డు ఒకటి ఇచ్చింది. దాని మీద పన్నెండు బైబిలు కీర్తనల నంబర్లు ఉండేవి. కాపరి, కొండల వైపు చూపు, రెక్కల నీడ, అలాంటి ఆదరణ కీర్తనలు. తీర్పు, కోపం, పగ ఉన్నవి అందులో లేవు. జబ్బు మనిషిని బెదరగొట్టకూడదని ఆమె ఉద్దేశం.

నాకు ఆ కార్డు ఎంతో నచ్చింది. ఎందుకు నచ్చిందో కూడా చెప్పాలి. నేను పుట్టింది పల్లెలో, ఊరికి ఎడంగా ఉండే మా పల్లెలో. ఊళ్లో తలెత్తి మాట్లాడలేని మా పెద్దలు తాటాకు చర్చిలో ఆ తీర్పు కీర్తనలే గొంతు చించుకుని పాడేవాళ్లు. దేవుడు న్యాయపీఠం ఎక్కుతాడు, పొగరుబోతుల కొమ్ములు విరుస్తాడు. చిన్నప్పుడు నేనూ అరిచి పాడినవాణ్ణే. బైబిలు కాలేజీకి వెళ్లాక అవంటే కాస్త సిగ్గు మొదలైంది, చదువుకోనివాళ్ల పాటల్లా. అమెరికా వచ్చాక ఆ సిగ్గుకు ఒక కార్డు దొరికింది, జేబులో పెట్టుకుని తిరిగాను.

వందనాలు అయ్యగారూ

ఎనభైల మొదట్లో ఒక చలికాలం, కేన్సర్ వార్డు నుంచి నర్సు ఫోన్ చేసి మీ భాష మాట్లాడే పేషెంటు వచ్చింది రమ్మంది. ఆమె లెక్కలో ఇండియా అంతటిదీ ఒకటే భాష. అంతకు ముందు అలా పిలిస్తే వెళ్లి రెండుసార్లు గుజరాతీ పెద్దవాళ్లతో చేతులూపి మాట్లాడి వచ్చాను. తెలుగు పాస్టరు వస్తాడని ముందే ఎవరో చెప్పినట్టున్నారు, ఈసారి తెర పక్కకు జరపగానే "వందనాలు అయ్యగారూ" అని వినిపించింది.

నిలబడ్డచోటే ఉండిపోయాను. మా వైపు పాస్టర్ని అయ్యగారు అంటారు. ఇక్కడికొచ్చాక ఆ పిలుపు పోయింది. పిస్కాటవే అనే ఊళ్లో ఎనిమిది కుటుంబాలం శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరి అపార్ట్‌మెంటులో ప్రార్థనకు కూడేవాళ్లం. అక్కడ పెద్దలు నన్ను బ్రదర్ అనేవాళ్లు, పిల్లలు అంకుల్ అనేవాళ్లు.

ఆమె పేరు శాంతమ్మ అనుకోండి. అసలు పేర్లు మార్చాను. అరవై దాటిన మనిషి, ఒంగోలు దగ్గర పల్లె. మిషన్ స్కూలు టీచరు భార్య, ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు సునీత, మా ఆసుపత్రిలోనే వేరే ఫ్లోరులో నర్సు. తల్లికి కడుపులో కేన్సర్, కాలేయానికి కూడా పాకింది. ఇంకా ఎన్ని వారాలన్నదే ప్రశ్న.

క్షేమసమాచారాలయ్యాక శాంతమ్మ గారు అడిగింది ఒక్కటే. డెబ్భై అయిదో కీర్తన చదవమంది. నా దగ్గర ఇంగ్లీషు బైబిలే ఉంది, తెలుగుది రేపు తెస్తానన్నాను. మర్నాడు తెచ్చి, ఆమె పక్కన కూర్చుని, ఆ కీర్తన తీసి ముందు నేను మనసులో చదువుకున్నాను. చిన్నదే. భూమి, దాని మీద ఉన్నవాళ్లు అల్లాడిపోతున్నప్పుడు దాని స్తంభాలు నిలబెట్టేది నేనే అంటాడు దేవుడు. సమయం నేనే నిర్ణయిస్తాను, సరైన తీర్పు నేనే తీరుస్తాను అంటాడు. మనిషికి గొప్పతనం తూర్పు నుంచో పడమర నుంచో రాదు, ఒకరిని దించేదీ ఇంకొకరిని ఎత్తేదీ ఆయనే. ఆయన చేతిలో పొంగే పాత్ర ఒకటుంది, భక్తిహీనులు దాన్ని అడుగు మడ్డితో సహా తాగాలి.

ఆమె మొహం చూశాను. ఎముకలే మిగిలాయి. ఈ మనిషికి ఈ పాత్ర సంగతి ఎందుకు అనుకున్నాను. పేజీలు వెనక్కి తిప్పి ఇరవై మూడో కీర్తన, కాపరి కీర్తన చదివాను. ఆమె చివరిదాకా విని ఆమేన్ అంది. "అదీ మంచిదేలెండి" అంది.

ఆ తర్వాత మూడు వారాలు రోజూ వెళ్లాను. రెండు మూడు రోజులకోసారి ఆమె ఆ కీర్తన అడిగేది. నేను ఏదో ఒక ఆదరణ కీర్తన చదివేవాణ్ణి, మాట మార్చేవాణ్ణి. ఇరవై నిమిషాలు ఉండవలసిన చోట గంట కూర్చునేవాణ్ణి. ఇక్కడి గోంగూరకు పులుపు లేదని ఆమె, చలికి నా మోకాళ్లు పట్టేస్తున్నాయని నేను. మా చర్చి గంట ఎలా మోగేదో చెప్పాను. వాళ్ల చర్చికి గంట ఉండేది కాదని, రైలు పట్టా ముక్క కట్టి కొట్టేవాళ్లని ఆమె చెప్పింది. ఆమె నోటి వెంట తెలుగు వింటుంటే నాకు కడుపు నిండేది. పార్కింగ్ లాట్‌లో కారు దగ్గరికి నడుస్తూ రేపటి కోసం ఎదురుచూసేవాణ్ణి. ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో అప్పుడు నాకు తట్టలేదు. ఆమె నాకు ఇంటిలా ఉండాలని కోరుకున్నాను. ఇంట్లో తీర్పులూ శిక్షలూ నాకు అక్కరలేదు.

రెండు తప్పులు

వర్బాటిమ్ రాసి మార్గరెట్‌కు చూపించాను. ఆమె చదివి, ఈవిడ ఎవరి మీదో కోపం మింగి కూర్చుంది, ఎవరి మీదో అడుగు అంది. వెళ్లి అడిగాను. శాంతమ్మ గారు నా వంక చూసి, నాకు కోపమెందుకు అయ్యగారూ అని నవ్వింది. కోపం ఒప్పుకోవడం లేదు అని నేను నోట్సులో రాసుకున్నాను.

ఆ వారంలోనే సునీత కాఫెటేరియాలో కనిపించింది. తల్లి ఫుడ్ తీసుకోవడం మానేసిందని, డాక్టర్ ఇక ట్రీట్‌మెంట్ ఆపేద్దామంటున్నాడని చెప్పింది. ఆ కీర్తన సంగతి ఆమెనే అడిగాను. తాను నెలల పిల్లగా ఉన్నప్పుడు జరిగిందట. ఎండాకాలం పల్లె బావి ఎండిపోతే వాళ్ల నాన్న బడిపిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి బావికి నీళ్లకు వెళ్లాడు. ఆ సాయంత్రం ఊళ్లోంచి నలుగురు వచ్చి ఆయన్ని బడి ముందే కొట్టారు. కాలు విరిగింది. కేసు పెడితే సాక్ష్యం లేదని కోర్టు కొట్టేసింది. ఆయన ఇంకో తొమ్మిదేళ్లు కుంటుతూ బతికి పోయాడు. శనివారం కుటుంబ ప్రార్థనలో ఎప్పుడూ ఆ కీర్తనే చదివేవాడట.

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. ఈ పనిలో అంతకంటే ప్రమాదం లేదు. మర్నాడు ఆమె చెయ్యి పట్టుకుని, మీ ఆయన్ని కొట్టినవాళ్లను క్షమించండమ్మా, పగ మోసుకుని వెళ్లకండి అని చెప్పాను. కూర్చునే చెప్పాను, కానీ అది నిలబడి చేసిన ప్రసంగం కంటే అధ్వానం.

ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. వాళ్లను ఎప్పుడో వదిలేశానంది. కిటికీ వైపు తిరిగి, "రేపు రావద్దులెండి అయ్యగారూ. మీకు పనులుంటాయి" అంది.

బయట మంచు పడుతోంది. కారులో కూర్చుని ఇంజన్ కూడా స్టార్ట్ చేయలేదు. నాకు బాధ కలిగింది. ఆ బాధలో సగం నా రోజువారీ తెలుగు పోయినందుకేనని గుర్తించడానికి మూడు రోజులు పట్టింది. ఇంట్లో చెబితే మా ఆవిడ చపాతీ ఒత్తుతూ, మూడు వారాలుగా ఆమె అడిగింది ఒకటి, నువ్వు ఇచ్చింది ఒకటి, ఆమె ఎందుకడుగుతోందో ఒక్కసారైనా అడిగావా అంది. నర్సులు చాప్లిన్ల కంటే ముందే చూస్తారు. ఈ సంగతి కూడా ట్రైనింగులో చెప్పరు.

ఇంకా వెలుతురుంది

నాలుగో రోజు మధ్యాహ్నం వెళ్లాను. ఆమె గొంతు బాగా సన్నబడింది. నన్ను చూసి కళ్లు మూసుకోలేదు, అదే చాలనుకున్నాను. మీరు అడిగింది నేను చదవలేదు, ఎందుకు అడిగారో కూడా అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను అన్నాను. తర్వాత నోరు మూసుకున్నాను.  

ఆమె చెప్పింది, ఆగి ఆగి, మధ్యలో నీళ్లతో నోరు తడుపుకుంటూ.

ఆ సాయంత్రం ఆమె బడి పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలో పిల్లకు పాలిస్తూ ఉంది. నలుగురినీ చూసింది, నలుగురూ తెలుసు. వాళ్లలో ఒకాయన పొలంలో ఆమె నాట్లు వేసేది. పోలీసులు అడిగితే చీకటిగా ఉంది, ఎవరో కంటికి ఆనలేదు అని చెప్పింది. కోర్టులో ప్రమాణం చేసి కూడా అదే చెప్పింది. దెబ్బలు తిన్న ఆయన మాట కాక, ఆమె తప్ప వేరే సాక్షి లేదు.

"చీకటి కాదు అయ్యగారూ. ఇంకా వెలుతురుంది" అంది.

భర్త కాలు ఇంకా అతుక్కోక మంచం మీదే ఉన్నాడు. ఆమె కోర్టులో ఏం చెప్పిందో ఆయనకు తెలిసింది. ఒక్క మాట అనలేదు. ఆ వారం నుంచీ శనివారం శనివారం ఆ కీర్తన చదవడం మొదలుపెట్టాడు. ఆమె పిల్లను ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. పాత్ర మాట వచ్చినప్పుడు ఆయన కళ్లెత్తి తనను చూస్తాడేమోనని చూసేది. తొమ్మిదేళ్లూ చూడలేదు.

"తిట్టినా బాగుండేది. ఆ ఒక్క మాట కోసం ఎంత కొట్టుకులాడానో ఆయనకు తెలీదు" అంది.

ఆయన పోయాక ఆమె ఒకరిద్దరికి చెప్పుకుంది. చంటిపిల్ల తల్లివి, నువ్వేం చేస్తావులే అన్నారు. వాళ్ల పాస్టరు అయితే మాట పూర్తి కాకముందే దేవుడు క్షమించేశాడు పో అన్నాడట. "విచారణే చెయ్యకుండా క్షమాపణేంటి అయ్యగారూ?" అంది.  మూడు వారాలుగా నేను చేసింది కూడా సరిగ్గా అదే.

కోర్టు వాయిదాలు ఆమెకు బాగా గుర్తు. అన్నిటికీ నడిచి వెళ్లింది. ఇప్పుడు దేవుడి ముందు ఆఖరి వాయిదా అంది. ఆ జడ్జి ముందు చీకటి అని చెప్పనంది. ఆయన ఎవర్ని దించుతాడో ఎవర్ని ఎత్తుతాడో, తాను ఎటువైపు నిలబడాలో తెలియదంది. కానీ ఆయన అడుగుతాడు కదా, అది చాలంది. భయంగా ఉందా అని అడిగాను. భయమే అంది. అయినా వెళ్లాలని ఉందంది. అంత ఆశ నేను ఆ వార్డులో ఎవరి మొహంలోనూ చూడలేదు.

అప్పుడు నా వైపు తిరిగి, "నాది తప్పే కదా అయ్యగారూ?" అంది.

ట్రైనింగులో నేర్చుకున్న జవాబు నా నాలుక చివర సిద్ధంగా ఉంది. మీకు అలా అనిపిస్తోందా అమ్మా. అది కాకపోతే పాస్టరుగా ఇంకో జవాబు ఉంది, మీ పరిస్థితి అలాంటిది అని. ఆమె భయం నాకు తెలియనిది కాదు. ఊరి పెద్దల పొలాల్లో మా అమ్మ కూడా నాట్లు వేసింది. ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

"తప్పేనమ్మా" అన్నాను. "మీరు చూశారు. చూడలేదని చెప్పారు. అది తప్పు."

ఆమె కళ్ల నుంచి నీళ్లు చెవుల వైపు జారాయి. ఏడుపులా లేదు. భుజాలు బిగువు వదిలి దిండులోకి దిగాయి. "ఇన్నాళ్లకి ఒకరన్నారు" అంది. కాసేపటికి, "ఇప్పుడు చదవండి" అంది.

చదివాను, తెలుగులో. స్తంభాల మాట, నిర్ణయించిన సమయం మాట, పాత్ర మాట, ఒక్కటి కూడా మింగకుండా. చిన్నప్పుడు మా వాళ్లు అరిచి పాడిన ఆ మాటల్లో ఇంత జాలి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తీర్పు తీర్చేవాడు ఒకడున్నాడంటే ఆ సాయంత్రం నిజంగా జరిగినట్టు. ఆ కాలు నిజంగా విరిగినట్టు. అలా కాదని ఇక ఎవరూ కొట్టెయ్యలేరు. ఆమెకు కావలసింది అదే. చివర ఆమె పెదాలు కదిలాయి, ఆమేన్ అని ఉంటుంది. ఆమె కోసం క్షమాపణ ప్రార్థన కూడా చేశాను. ఈసారి ఆ మాటకు చోటు దొరికింది.

రెండో రోజు పొద్దున ఆమె పోయింది. నేను వేరే వార్డులో ఉన్నాను. సునీతకు తల్లి పోయే ముందు అంతా చెప్పిందని తర్వాత తెలిసింది. ఇది రాయడానికి ఒప్పుకున్నది సునీతే. ఆమె తల్లితో ఏమందో నేను అడగలేదు.

చేరబోయే అమ్మాయికి

తీర్పు అన్న మాట రోగి నోట వినగానే బెదిరిపోకు. ఎవరి మీదో పగ అనుకోకు. ఎందుకు అడుగుతున్నారో అడుగు, అడిగి ఊరుకో. ఆదరణ కీర్తనలు మంచివే, నేనూ వేలసార్లు చదివాను. కానీ ఎదుటి మనిషి న్యాయం అడుగుతుంటే ఓదార్పు ఇవ్వడం నోరు మూయించడమే అవుతుంది. తెలుగు పేషెంటు దొరికితే నీకూ ప్రాణం లేచొస్తుంది. నీ తెలుగు కాస్త వంకర కాబట్టి ఇంకా ఎక్కువ లేచొస్తుంది. ఆ ఆకలి నీదేనని గుర్తుపెట్టుకో. దాన్ని పేషెంటు మంచం దగ్గర తీర్చుకోకు. తప్పు కాదని చెప్పడం ఎప్పుడూ దయ కాదు. కానీ తప్పే అన్న మాట మాత్రం జాగ్రత్తగా వాడు. నేను ఇన్నేళ్లలో మూడుసార్లు వాడాను, అందులో ఒకసారి పొరపాటున.

శాంతమ్మ గారు పోయాక వచ్చిన సోమవారం మార్గరెట్ ఆఫీసుకు వెళ్లి అంతా చెప్పాను. వర్బాటిమ్ రాయలేదు, నోటితోనే చెప్పాను. చావుకు దగ్గరైన మనిషి మూడు వారాలు తలుపు కొడుతుంటే తియ్యనిది నేనే అన్నాను. తెలుగు మాటలకు ఆశపడి అక్కడ కూర్చున్నాను, ఆమె ఇంకో వారం ముందే పోయి ఉంటే ఆ మాట ఆమెతోనే పోయేది అన్నాను. మార్గరెట్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. నీ మీద నువ్వు అంత కఠినంగా ఉండకు, నీకు చేతనైంది చేశావు అంది. మంచి మనసుతోనే అంది. సునీత కూడా అదే అంది. నేను చపాతీలు తినకుండా కూర్చుంటే మా ఆవిడ కూడా, పోనీలే, చివరికి చదివావు కదా అంది.

ఆ తర్వాత పాతికేళ్లు ఎందరి దగ్గరో కూర్చున్నాను. ఈ సంగతి ఎవరితో చెప్పినా అదే మాట. మీ తప్పేం లేదండీ. వాళ్లందరి దయా తీసుకున్నాను, కానీ ఎవరైనా ఒక్కరు నా మొహం చూసి నిజం చెబితే బాగుండునని ఇప్పటికీ తహతహలాడుతుంటాను. శాంతమ్మ గారైతే చెప్పేది. తప్పే అయ్యగారూ అనేది. అన్నాక కళ్లు మూసుకుని నాకోసం ప్రార్థన చేసేది.